చేతిపనియు చదువును

1937 అక్టోబరులో గాంధీమహాత్ముని అధ్యక్షతను వార్ధాయందు జరిగిన విద్యాసభ, ఏడేండ్ల నిర్బంధవిద్యను మాతృభాషలో, ఒక చేతిపని మూలముగా నేర్పవలెనని తీర్మానించెను. గ్రామాభ్యుదయమును గూర్చి మాటాడు పెద్దలు నేడును ఆ మాటనే వల్లింతురు. సంతోషమే. కాని చేతిపని నేర్చినవారి గతి యేమి?

శ్రీకాకుళము జిల్లాలోని పొందూరును చూడుడు. అచటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి, నూఱవ నంబరు నూలు సయితము వడకుదురు. ఏ కళాశాలయు నేర్పజాలని విద్య యిది! అయినను పట్టణమున బట్టకు పలుకు వెలకును, వడికిన చేతికి దక్కు కూలికిని పొంతన లేదు. తల్లి తన కూతునకు రాట్నము నప్పగింప జంకుటలో వింత యేమున్నది?

మన కుమారులను ఇంజనీరింగు చదువులకై హైదరాబాదునకు పంపుచు, పేదవాని బిడ్డకు మాత్రము కులవృత్తియే మేలని బోధించుట న్యాయము కాదని మా యభిప్రాయము. 2009 నాటి విద్యాహక్కు శాసనము పదునాలుగేండ్లతో బాలుని విడిచిపెట్టును. బ్రతుకుతెరువు ప్రశ్న అప్పుడే మొదలగును. బడిలో రాట్నము పెట్టుటకు ముందు రాట్నమునకు తగిన కూలి కట్టవలెను. అందులకు శాసనములకై వేచియుండ నక్కఱలేదు. పెండ్లికి కొను బట్టలలో ఒక్క జతనైనను పొందూరు ఖాదీ సంఘమువద్దనే, చెప్పిన వెలకు, బేరమాడక కొనవచ్చును.