దమ్ము రాకముందే మందు!

తెరమీద హీరో "దమ్ముంటే రారా!" అని తొడగొడితే హాలంతా ఈలలే ఈలలు! అదే సిర్గాపూర్, నారాయణఖేడ్ వైపు "వానికి దమ్మున్నది" అన్నారంటే సంగతి వేరు. ఉబ్బసం ఉందన్నమాట. పత్తి దుమ్ము లేచే రోజుల్లో, చలి రాత్రుల్లో ఆ పిల్లికూతల బాధ పడ్డవాళ్ళకే తెలుసు.

ఈ దమ్ముకు ఎదురు నిలిచిన నిజమైన హీరో ఒకాయన ఉన్నాడు. పేరు రోజర్ ఆల్టూన్యన్. 'స్వాలోస్ అండ్ అమెజాన్స్' అని 1974లో ఓ ఇంగ్లీషు సినిమా వచ్చింది. దాని మూలం 1930 నాటి పిల్లల నవల. అందులోని రోజర్ అనే బుడతడికి పేరు ఈయనదే! పెద్దయ్యాక యుద్ధంలో పైలట్, ఆ తర్వాత డాక్టర్. పైగా తనకే ఉబ్బసం. ఇంగ్లండులో ఓ మందుల కంపెనీలో పనిచేస్తూ, తనకు పడని గినీపంది వెంట్రుకల సారాన్ని తానే పీల్చి, కావాలని ఆయాసం తెచ్చుకుని, కొత్త మందులు తనమీదే పరీక్షించుకున్నాడు. ఒకటీ రెండూ కాదు, ఏళ్ళ తరబడి! డూప్ లేడు, "కట్" చెప్పే డైరెక్టరూ లేడు. చివరికి 1965లో క్రోమోగ్లైకేట్ దొరికింది. ఆ పొడి పీల్చే పరికరంలో విమానం పంకాలాంటి రెక్క పెట్టాడు. పైలట్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

తమాషా ఏమిటంటే, ఆయాసం మొదలయ్యాక ఆ మందు పనిచేయదు. ముందే పీల్చాలి. ఇవాళ దాని స్థానంలో ఎక్కువగా స్టిరాయిడ్ ఇన్‌హేలర్లు వచ్చాయి. సూత్రం మాత్రం అదే. ఊపిరిగొట్టాల్లో వాపును రోజూ కొద్దికొద్దిగా అణచిపెడతాయి. మన కుర్రకారుకు గిట్టనిది ఇదే! "బాగానే ఉన్నాగా" అని నాలుగు రోజులకే మానేస్తారు. వాపు చప్పుడు చేయకుండా తిరిగొస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రం నీలం ఇన్‌హేలర్ కొట్టుకుని సరిపెట్టుకుంటే చాలదని 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపప్రసాదం కోసం గంటలకొద్దీ నిలబడే ఓపిక మనకుంది. రోజుకు అరనిమిషం ఇన్‌హేలర్‌కు లేదా? నమ్మకం ఎవరిష్టం వారిది. డాక్టర్ ఇచ్చిన మందు మాత్రం మానకండి.

అలాగని పక్కింటి అక్క చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పరుగెత్తకండి! అలర్జీకి రాత్రిపూట మింగే మాంటెలుకాస్ట్ మాత్ర కొందరిలో పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు తెస్తుందని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేర్పించింది. అలాంటిదేమైనా కనబడితే వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

ఇంకొక్క మాట. స్టిరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకుంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. మరి ఈలలెలా వేస్తారు?