కష్టం చేసే ఒంటికి షుగరెక్కడిదంటారా?

కూలి చేసే ఒంటికి షుగర్ రాదనే మాట మా తండాల్లోనూ వినిపిస్తుంది, ఆసుపత్రి వరండాల్లోనూ వినిపిస్తుంది. గిరిజన స్త్రీ పుట్టుకతోనే గట్టిదని పొగుడుతారు. ఆ పొగడ్త చాటున ఆమెకు చేయాల్సిన పరీక్ష ఎగిరిపోతుంది. పత్తికొండ చుట్టుపక్కల సుగాలి తండాల వాళ్లం మేము ఈ మాటను ఒప్పుకోం.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. కడుపుతో ఉన్న స్త్రీకి రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. గుండె నిమిషానికి తోడే రక్తం కూడా 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఆ పారుదలకు దారి ఇస్తూ రక్తనాళాలు సడలుతాయి. బోరు మోటారు ఎక్కువ నీళ్లు తోడితే పైపు కూడా తట్టుకోవాలి కదా! గర్భంలో షుగర్ వచ్చినవాళ్లలో నాళాల లోపలి పొర దెబ్బతిని, అవి బిరుసెక్కుతాయి. గుండె మీద భారం పెరుగుతుంది. బీపీ పెరిగి ఫిట్స్ దాకా పోయే ప్రమాదం ఎక్కువవుతుంది. రక్తం తక్కువున్న తల్లికి ఇది భారం మీద భారం. సన్నగా ఉన్నా, పొద్దంతా పని చేసినా, ఈ షుగర్ రావచ్చు.

కాన్పయ్యాక షుగర్ తగ్గుతుంది, అందరూ మరిచిపోతారు. ఒళ్లు మరిచిపోదు. ఇలాంటి తల్లులకు తర్వాతి కాలంలో గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు మిగతా తల్లుల కంటే దాదాపు రెట్టింపని, పలు అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు 2019లో తేల్చారు. శాశ్వత షుగర్ వచ్చే ముప్పు అంతకన్నా చాలా ఎక్కువ.

నియమాలు లేవా? ఉన్నాయి. కేంద్ర ఆరోగ్యశాఖ 2018 మార్గదర్శకాల ప్రకారం, గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడే పరీక్ష చేయాలి. అప్పుడు షుగర్ లేకపోతే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 2 గంటలకు రక్తం చూడాలి. 140 లేదా అంతకు మించితే షుగర్ ఉన్నట్టే. తిని వచ్చినా చేయొచ్చు. షుగర్ తేలిన తల్లికి కాన్పయిన 6 వారాలకు మరోసారి చూడాలి.

కానీ రెండో పరీక్ష నాటికి మా ఆడబిడ్డ సుగ్గికి పోయి గుంటూరు మిరపచేలో ఉంటుంది. ఇక్కడి రికార్డులో ఆమె 'రాలేదు'. అక్కడి రికార్డులో ఆమె లేనే లేదు. పథకాలు రాసేవాళ్లకు గిరిజనులంటే ఏజెన్సీయే. పత్తికొండ ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. మైదానంలో ఉన్నందుకు మా తల్లుల గుండెకు విలువ తగ్గిందా?

బియ్యం తిన్నావు కాబట్టి షుగరొచ్చిందని ఆమెనే తిట్టేవాళ్లను మేము అడుగుతున్నాం: జొన్నలు, కొర్రలు పండే సీమలో రేషన్ బియ్యాన్నే మూడు పూటలా మెతుకు చేసిందెవరు?

మా డిమాండ్లు మూడు. పరీక్ష తండాకే రావాలి. సుగ్గికి పోయే గర్భిణి వివరాలు ఆమె పోయే ఊరి ఆరోగ్య కార్యకర్తకు ముందే చేరాలి. షుగర్ వచ్చిన తల్లికి కాన్పు తర్వాత ఏటా షుగర్, బీపీ చూడాలి.

అయ్యవార్లారా, ఈ సంగతి పిల్లలకు వాళ్ల యాడి మాట్లాడే భాషలోనే చెప్పండి. చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ తండాలో బాలింతలెందరో, ఎందరికి 6 వారాల పరీక్ష జరిగిందో రాయండి. ఆ లెక్క పట్టుకుని అందరం ఆసుపత్రి గడప ఎక్కుదాం.