భూమి మీదైతే బాధ్యతా మీదే

హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి భూముల గొడవ మొదలైనప్పటి నుంచీ ఒక వాదన జోరుగా చలామణీ అవుతోంది. సర్కారు వారు అంటున్నారు, రియల్ ఎస్టేట్ వారు అంటున్నారు, ఐటీ కారిడార్‌లో ఫ్లాట్ కొనుక్కున్న మధ్యతరగతీ తలూపుతోంది. అది అడవి కాదట, రికార్డుల ప్రకారం ప్రభుత్వ భూమట. నాలుగు తుప్పలు, నాలుగు బండలట. వన్యప్రాణుల్ని చూడాలనుకుంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వెళ్లాలట. కంచ గచ్చిబౌలిలో పులులూ లేవు, జింకలూ లేవు, ఉన్నదల్లా అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలేనని ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే ఎగతాళి చేశారు.

ముందు జింకల సంగతే తేల్చుకుందాం. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, సర్వే నంబరు 25లోని 400 ఎకరాల్లోకి పోలీసు పహారాతో బుల్డోజర్లు దిగాయి. మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవులు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక చుక్కల జింక గోపన్‌పల్లి ఎన్టీఆర్ నగర్‌లో ఓ ఇంట్లోకి వచ్చి పడింది. మరొకటి పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో కుక్కల బారిన పడి చచ్చిపోయింది. లేవన్న జింకలు ఎక్కడి నుంచి వచ్చాయి? సోషల్ మీడియాలో తిరిగిన బొమ్మల్లో కొన్ని ఏఐతో చేసినవేనన్నది నిజం. అవి పెట్టినవాళ్లు ఆ భూమిని కాపాడాలన్న ఉద్యమానికి చేటే చేశారు. కానీ ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పంపితే వెళ్లి చూసిన హైకోర్టు రిజిస్ట్రార్ నెమళ్లు, జింకలు, పక్షులు ఉన్నాయనీ, దాదాపు వంద ఎకరాలు ధ్వంసమయ్యాయనీ నివేదించారు. ఆ నివేదికను ఏఐ రాయలేదు.

ఇక రికార్డుల మాట. అడవి అవునో కాదో తేల్చేది పహాణీ కాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12నే గోదావర్మన్ కేసులో చెప్పింది. యజమాని ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవే. అలాంటి ప్రాంతాలను గుర్తించడానికి రాష్ట్రాలు నిపుణుల కమిటీలు వేయాలని 2025 మార్చి 4న మళ్లీ ఆదేశించింది. మన ప్రభుత్వమూ మార్చి 15న కమిటీ వేసింది. ఆ కమిటీ ఇంకా పని మొదలుపెట్టకముందే, పదిహేను రోజులకే చెట్లు కూలాయి. అంత తొందర ఏమొచ్చిందని కోర్టు అడిగింది. ఒకవైపు ఏది అడవో తేల్చమని కమిటీ వేసి, మరోవైపు తేల్చడానికి ఏమీ మిగలకుండా చేస్తే అడగరా మరి?

తుప్పలు, బండలు అని తీసిపారేసేవాళ్లు ఒక్కటి గుర్తించాలి. దక్కన్ అడవి అలాగే ఉంటుంది. ఇక్కడ నల్లమల వెతకడమే తప్పు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు, వాటి సందుల్లో వాననీటి గుంటలు, గడ్డి, రేగు, మోదుగ, సీతాఫలం కలిస్తేనే ఈ నేల అడవి. ఇక్కడి నక్షత్ర తాబేలుకు కావలసింది దట్టమైన నీడ కాదు, ఈ గడ్డీ ఈ పొదలే. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద 2019లో సైటిస్ ఒప్పందం అత్యంత కఠినమైన ఆంక్ష పెట్టింది. యూనివర్సిటీ ప్రాంగణంలో రెండు వందలకు పైగా పక్షి జాతులను చూసినవాళ్లున్నారు. ముర్రిసియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడును శాస్త్రానికి తొలిసారి పరిచయం చేసిందీ ఆ నేలే. బండల్ని, చెరువుల్ని అలాగే ఉంచి మిగతాది ఇస్తామని రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ హామీ ఇచ్చింది. చుట్టూ అద్దాల మేడలు లేచాక మధ్యలో మిగిలిన పుట్టగొడుగు బండ సెల్ఫీలకు పనికొస్తుంది, తాబేలుకు కాదు.

పోయినదానికి బదులు మరోచోట మొక్కలు నాటుతామంటారు. ఈ బదులు లెక్క కొత్తది కాదు. 2004 ఫిబ్రవరిలో యూనివర్సిటీ నుంచి 534 ఎకరాలు తీసుకుని, గోపన్‌పల్లిలో సర్వే నంబర్లు 36, 37లో 397 ఎకరాలు ఇచ్చినట్టు ప్రభుత్వమే చెబుతుంది. కాగితం మీద భూమి బదిలీ అవుతుంది, దాని మీది బతుకు బదిలీ కాదు. నర్సరీ మొక్కకు బండ సందు రాదు, వానగుంట రాదు, వాటిని నమ్ముకున్న కప్పా పామూ రావు. హరితహారం ఏళ్లలో రోడ్ల మధ్య ఎక్కడపడితే అక్కడ నాటిన కోనోకార్పస్‌ను చూశాం కదా, చెట్ల లెక్క పెరిగింది, అడవి పెరగలేదు.

ఉద్యోగాలు వద్దా అని నిలదీస్తారు. 50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల కొలువులు అన్నారు. కావాలి, ఎవరు వద్దన్నారు? అయితే ఆఫీసు భవనాన్ని ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఎక్కడైనా కట్టుకోవచ్చు. ఈ బండల్ని, ఈ జింకల్ని మరోచోట కట్టలేం. మీరుండే అపార్ట్‌మెంట్లూ బండలు పగలగొట్టి కట్టినవే కదా అన్న ఎద్దేవా కూడా ఉంది. అవును, అలా కట్టినవే. నానక్‌రామ్‌గూడ, నల్లగండ్ల, తెల్లాపూర్ అన్నీ అలా పోయాయి కాబట్టే మిగిలిన ముక్కకు అంత విలువ. చాలా పోగొట్టుకున్నాం కాబట్టి ఉన్నదీ పోనివ్వమనడం ఏ లెక్క?

అసలు విషయం యాజమాన్యం. 400 ఎకరాలు తమవేనని రాష్ట్రం హైకోర్టులో 2024 మార్చిలో గెలిచింది. మేలో సుప్రీంకోర్టూ దాన్ని కదపలేదు. జూన్‌లో భూమిని టీజీఐఐసీకి కేటాయించారు. ఆ తీర్పును అమ్ముకునే హక్కుగా ప్రభుత్వం చదువుకుంటోంది. నిజానికి కాపాడలేకపోవడానికి ఉన్న ఒక్క సాకునూ ఆ తీర్పే తీసేసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 36ఎ సెక్షన్ ఉంది. కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించాలంటే ఆ భూమి ప్రభుత్వానిదై ఉండాలని అది చెబుతుంది. నష్టపరిహారం కట్టాల్సిన పని లేదు, భూసేకరణ లేదు. స్థానికులతో సంప్రదించి నోటిఫికేషన్ ఇస్తే చాలు. భూమి మాదే అని ఎంత గట్టిగా అంటే, ఈ పని చేయలేకపోయామని చెప్పడం అంత కష్టమవుతుంది.

నగరం నడిబొడ్డున ఇవన్నీ సాధ్యమా అనేవాళ్లు బంజారాహిల్స్ వెళ్లి చూడాలి. 1998లో జాతీయ పార్కు అయిన కేబీఆర్ ఈ 400 ఎకరాల కన్నా చిన్నది. ఇక్కడికి దగ్గర్లోని అమీన్‌పూర్ చెరువును 2016లో ఇదే తెలంగాణ జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దారి తెలియక ఆగలేదు మనం.

అడవిని తిరిగి నిలబెట్టే ప్రతిపాదనతో రమ్మని 2025 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఆరు వారాల గడువిచ్చింది. ఆ ప్రతిపాదన మొక్కల సంఖ్యతో మొదలు కాకూడదు. తవ్వి పోసిన మట్టిని తీసి వానగుంటల్ని తెరవాలి. కొట్టేసిన మొదళ్లు చిగురించేదాకా ఆ వంద ఎకరాల్లోకి యంత్రం, నిప్పు, పశువు వెళ్లకుండా చూడాలి. యూనివర్సిటీ వైపు జింకల దారిని తెరిచి ఉంచి, ఊరకుక్కల బెడదకు నగరపాలక సంస్థతో కలిసి పరిష్కారం చూడాలి. దేశీ మొక్కలు ఆ తర్వాత. అన్నిటికన్నా ముందు, 36ఎ కింద నోటిఫికేషన్. అది లేకుండా చేసే పునరుద్ధరణ తర్వాతి వేలందాకా వేసే పచ్చరంగే. కోర్టు బెత్తం పట్టుకుంటే తప్ప చేయమనే ప్రభుత్వం ఆ భూమికి యజమానినని చెప్పుకోవడం మానుకోవాలి.