దోర్నకల్ స్తంభాలు ఎవరివి?

కొత్తగూడెం పోయే రైలు కోసం దోర్నకల్ జంక్షన్‌లో దిగినవాళ్లకు ఆ ఊరంటే ప్లాట్‌ఫాం మీద తాగిన టీ ఒక్కటే గుర్తుంటుంది. ఊళ్లోకి పోతే ఎపిఫనీ కెథడ్రల్ ఉంది. ఆ మధ్య బడిపిల్లల్ని తీసుకుని వెళ్లాం. దూరం నుంచి గుమ్మటాలు చూసి ఒక పిల్లవాడు "మసీదా సార్?" అన్నాడు. దగ్గరికి పోయాక రాతి స్తంభాలు, వాటి మీద చెక్కిన పువ్వులు చూసి ఇంకో అమ్మాయి "కాదు, గుడి" అంది. ఇద్దరిదీ తప్పు కాదు. గుమ్మటం మసీదుది, స్తంభం దక్షిణాది గుడి మండపానిది, తామర మీద నిలిచిన సిలువ క్రైస్తవులది.

పట్నం మేధావులు దీన్ని మత సామరస్య శిల్పమని మెచ్చుకుంటారు. మెచ్చుకోనీయండి. కానీ గుడిలో అలాంటి స్తంభం కింద నిలబడే హక్కు ఎవరికుందో, ఎవరికి లేదో చెప్పకుండా శిల్పం గురించి మాట్లాడితే అది సగం మాటే.

ఆంగ్లికన్ చర్చి అంటే ఇంగ్లండ్ రాజుగారి చర్చి. దొరలు ఈ దేశంలో మొదట కట్టుకున్న గుళ్లు తమ కోసమే. సికింద్రాబాద్‌లో 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి కంటోన్మెంటు తెల్లవాళ్ల కోసం లేచింది. అక్కడ మాలవాడు, మాదిగవాడు కనపడితే గుర్రం పట్టుకునేవాడిగానో, ఊడ్చేవాడిగానో కనపడి ఉంటాడు.

దోర్నకల్ కథ వేరు. దీన్ని కట్టించిన బిషప్ వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి వైపు నాడార్ ఇంట 1874లో పుట్టాడు. ఆ నాడార్లకు గుడి ప్రవేశం లేదు. రామనాథపురం సీమలోని కముది గుళ్లోకి 1897లో కొందరు నాడార్లు వెళితే అది పెద్ద దావా అయింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1908లో ఆ తెల్ల జడ్జీలు ఏమన్నారు? నాడార్లకు ఆ గుళ్లోకి వెళ్లే హక్కు లేదన్నారు! నాలుగేళ్లకు, 1912 డిసెంబర్ 29న, కలకత్తాలో అదే ఇంగ్లీషువాళ్ల చర్చి ఒక నాడార్ బిడ్డను బిషప్‌ను చేసింది. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. దొరల న్యాయం రెండు నాలుకలది అని మేం అంటే కొందరికి కోపం వస్తుంది. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.

అజరయ్య మందలో అత్యధికులు మాల, మాదిగలే. 1935 నాటికి ఆ డయాసిస్‌లో సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె పంతుళ్లు ఉన్నారు. మేం డిగ్రీ చదివిన మొదటి తరం. మాకంటే ముందు మా వాడలో అక్షరం అన్నది అడుగుపెట్టింది అలాంటి ఒక పంతులు గారి తాటాకుల పాకలోనే. దొర మీద ఎంత కోపమున్నా ఆ పాకను మర్చిపోలేం.

కెథడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. మధుర మీనాక్షి గుళ్లోకి దళితులు, నాడార్ కలిసి మొదటిసారి అడుగుపెట్టింది అదే ఏడు జులై 8న. అంటే ఆరు నెలల ముందే, గుడి గడప తొక్కనివ్వని జనం గుడి స్తంభాల కిందనే కూచున్నారు. ఎవరినీ బతిమాలలేదు. ఆ స్తంభాన్ని తమ ఇంటికే తెచ్చుకున్నారు. ఆ రాతిలో మాకు సామరస్యం కంటే ఆత్మగౌరవమే ఎక్కువ కనపడుతుంది.

అయితే ఆ గడప దాటి కులం లోపలికి రాలేదా? వచ్చింది. 1935లో బాబాసాహెబ్ హిందువుగా చావనని ప్రకటించాక అజరయ్య ఆయన్ని కలిశాడు. మేం క్రైస్తవులమైతే ఊరికో శాఖగా చీలిపోతామా అని బాబాసాహెబ్ అడిగారనీ, బిషప్ దగ్గర జవాబు లేకపోయిందనీ చెప్తారు. మాకు తెలిసిన ఒక పల్లెలో ఇవాళ మాలలకో ప్రార్థన మందిరం, మాదిగలకో మందిరం. మధ్యన ఒక్క బోరింగు. పండక్కి అటువాళ్లు ఇటు రారు. సమాధుల దొడ్డి కూడా పంచుకున్నారు. ఆ ఊరి పేరు రాస్తే మిగిలిన ఊళ్లు నవ్వుకుంటాయని రాయడం లేదు. నవ్వే అర్హత ఎన్ని ఊళ్లకుంది?

బయటి దెబ్బ సరేసరి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాకుండా పోయాడు. 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం దాన్ని సవరించారు. సిలువ కింద కూచున్నవాడి కోసం మాత్రం కలం కదల్లేదు. గుళ్లోకి రావద్దన్నవాళ్లే, నువ్వు మా గుడివాడివి కావు గనక ఎస్సీవి కావంటున్నారు.

తిరిగొచ్చేటప్పుడు పిల్లలు మమ్మల్ని ఒకటే అడిగారు: ఈ రాళ్లు ఎవరు మోశారు సార్? బిషప్ పేరు పుస్తకాల్లో ఉంది. రాయి కొట్టినవాడి పేరు, సున్నం మోసిన తల్లి పేరు ఎక్కడ రాశారు? మీ ఇంట్లో తాతో ముత్తాతో ఆ పనికి పోయి ఉంటే, వాళ్లు చెప్పిన మాటలు మీకు గుర్తుంటే, రాసి పంపండి. రాయడం రాకపోతే మీ ఊరి పంతులు చేత రాయించండి. మాలవాడ నుంచైనా మాదిగవాడ నుంచైనా, అన్నీ ఒకే పేజీలో వేస్తాం.