కమాండ్ వచ్చు సరే... ప్యాకెట్ ఏ దారిన పోతోంది?

నెట్‌వర్కింగ్ ఉద్యోగాలకు ప్రయత్నించే చాలామంది రెజ్యూమెల్లో ‘పాలసీ బేస్డ్ రూటింగ్’ (పీబీఆర్) కనిపిస్తుంది. రూట్-మ్యాప్ రాయడం, ‘మ్యాచ్’, ‘సెట్’ లైన్లు పెట్టి ఇంటర్‌ఫేస్‌కి తగిలించడం నాలుగు వీడియోలు చూస్తే వచ్చేస్తుంది. ‘అది పెట్టాక రూటర్ సీపీయూకి ఏమవుతుంది?’ అంటేనే గొంతు తడారిపోతుంది. నా దృష్టిలో అసలు ఇంటర్వ్యూ అక్కడే మొదలవుతుంది.

మామూలుగా రూటర్ ప్యాకెట్ ఎక్కడికి వెళ్లాలో మాత్రమే చూసి దారి చూపిస్తుంది. పీబీఆర్ పెడితే ఎక్కడి నుంచి వచ్చింది, ఏ అప్లికేషన్‌ది అన్నవి కూడా చూస్తుంది. అకౌంట్స్ విభాగం ట్రాఫిక్‌ని లీజ్డ్ లైన్‌కీ, మిగతాదాన్ని బ్రాడ్‌బ్యాండ్‌కీ పంపడం ఇలాగే.

మరి రూటర్ లోపల ఏం జరుగుతుంది? ఆర్టీసీ బస్టాండ్ అనుకోండి. ప్రతి ప్రయాణికుడూ విచారణ కౌంటర్‌కి వెళ్లి అడగడం ప్రాసెస్ స్విచింగ్. ఒకరు అడిగొచ్చి ‘విజయవాడకి ఫలానా ప్లాట్‌ఫామ్’ అంటే వెనకున్నవాళ్లంతా అటే నడవడం ఫాస్ట్ స్విచింగ్. ఎవరూ అడక్కముందే అన్ని ఊర్ల వివరాలూ బోర్డు మీద రాసి పెట్టడం సిస్కో ఎక్స్‌ప్రెస్ ఫార్వర్డింగ్, అంటే సెఫ్.

ఇప్పుడు ‘విద్యార్థి పాస్ ఉన్నవాళ్లు పల్లెవెలుగే ఎక్కాలి’ అనే నిబంధన వచ్చింది. ఊరు ఒకటే, మనిషిని బట్టి బస్సు మారుతుంది. ముందువాళ్లు ఊరు పేరుతో చెప్పిన సమాధానం ఇక అందరికీ పనికిరాదు. గమ్యాన్ని బట్టి దాచుకున్న కాష్‌కీ పాలసీకీ పేచీ ఇక్కడే.

అందుకే సిస్కో ఐఓఎస్ 11.0లో వచ్చిన పీబీఆర్ మొదట్లో ప్రాసెస్ స్విచింగ్‌తోనే నడిచింది. చాలా రూటర్లలో దాని వేగం సెకనుకు సుమారు 1,000 నుంచి 10,000 ప్యాకెట్లు. లెక్కేయండి: 1,500 బైట్ల ప్యాకెట్లు 10,000 అంటే 120 ఎంబీపీఎస్. 64 బైట్ల చిన్న ప్యాకెట్లైతే 5 ఎంబీపీఎస్ దగ్గరే రూటర్‌కి ఊపిరాడదు. తర్వాత పీబీఆర్‌కి ఫాస్ట్ స్విచింగ్ ఇచ్చారు. కానీ దాన్ని విడిగా ఆన్ చేసుకోవాలి, పైగా ‘సెట్ ఐపీ డీఫాల్ట్ నెక్స్ట్-హాప్’ అందులో పనిచేయదు. ఐఓఎస్ 12.0 నుంచి సెఫ్ దారిలోనూ పీబీఆర్ నడుస్తోంది.

‘ఇప్పుడంతా హార్డ్‌వేరే కదా, ఈ పాత కథ మాకెందుకు?’ అనొచ్చు. హార్డ్‌వేర్‌కి చేతకాని షరతు పెడితే కొన్ని మోడళ్లలో ఆ ట్రాఫిక్ ఇప్పటికీ సాఫ్ట్‌వేర్‌కే వెళ్తుంది. కాన్ఫిగరేషన్‌లో తప్పుండదు, ఆఫీసులో నెట్ మాత్రం నత్తనడక నడుస్తుంది. ఆ కారణం పట్టుకోగలిగిన ఫ్రెషర్‌కీ, కమాండ్లు వల్లెవేసిన ఫ్రెషర్‌కీ తేడా మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

కాబట్టి ల్యాబ్‌లో పింగ్ రాగానే లేచిపోకండి. రూటర్ నుంచే పింగ్ కొడితే ఇంటర్‌ఫేస్ మీద పెట్టిన పాలసీ దానికి వర్తించదు. అది లోపలికి వచ్చే ప్యాకెట్లకే. వెనకున్న పీసీ నుంచి కొట్టండి. ‘షో రూట్-మ్యాప్’లో లెక్క పెరుగుతోందా? ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్’లో సెఫ్ ఆన్‌లో ఉందా? ట్రాఫిక్ పెంచితే ‘షో ప్రాసెసెస్ సీపీయూ’లో ‘ఐపీ ఇన్‌పుట్’ ఎగబాకుతోందా? ఈ మూడూ చూసి, ఎందుకలా వచ్చిందో మీ మాటల్లో నోట్‌బుక్‌లో రాసుకోండి. రెజ్యూమెలో పీబీఆర్ అనే మూడక్షరాలు ఆ తర్వాతే రాయండి.