కూరలో కలిపే మందు వద్దు

"కూరలో కలిపి పెట్టండి, తాగుడు మానేస్తారు" అంటూ పొడులు అమ్ముతుంటారు, చూశారా? దయచేసి కొనకండి. అందులో ఏముందో మనకు తెలియదు. డాక్టర్లిచ్చే డైసల్ఫిరామ్ మాత్రే తీసుకోండి. అది వేసుకున్నాక తాగితే వాంతులై, బి.పి. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ మనిషికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు.

మరేం చేయాలంటారా? శాంతీ రంగనాథన్ గారి సంగతి వినండి. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న ఈ ఇల్లాలు అమెరికాలో శిక్షణ పొంది, 1980లో మద్రాసులో ఆయన పేరిట సంస్థ పెట్టారు. అదే టి.టి.కె. ఆసుపత్రి. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. అక్కడ తాగే మనిషితో పాటు ఇంట్లోవాళ్ళకూ కౌన్సెలింగ్ ఇస్తారు. తాగుడు ఒక జబ్బనీ, అది ఇల్లాలి తప్పు కాదనీ ముందు మనకు తెలియాలి కదా!

ఇంకో మాట. రోజూ బాగా తాగేవారిచేత ఇంట్లోనే ఉన్నట్టుండి మాన్పించకండి. వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, పైసా ఖర్చుండదు. పరువు పోతుందని దాచకండమ్మా. జ్వరమొస్తే దాచుకుంటామా?