కుర్చీ మారితే బాకీ తీరదు

ఉద్యోగి ఎదగాలంటే రెండేళ్లకోసారి టీము మారాలట. ఐజేపీ (కంపెనీ లోపలి ఖాళీల ప్రకటన) పడగానే అప్లై చేయాలట. పెద్ద కంపెనీల్లో ఇప్పుడిది వేదవాక్కు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో దీనికి ఎదురు చెప్పేవాళ్లు అరుదు. నేను చెబుతాను. ఈ తిరుగుడు, ముఖ్యంగా మేనేజర్ల తిరుగుడు, పనికీ దాని ఫలితానికీ ఉన్న ముడిని తెంచేస్తోంది.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెంటనే బయటపడదు. తొందరలో రాసిన కోడ్, ఎగ్గొట్టిన టెస్టింగు గో-లైవ్ రోజున, అంటే సిస్టమ్ వాడకంలోకి వచ్చే రోజున, కనిపించవు. ఆ రోజు కేకు కోస్తారు. అప్రైజల్‌లో మంచి రేటింగు వస్తుంది, దాంతో మేనేజర్ మరో క్లయింటు అకౌంటుకు వెళ్లిపోతాడు. ఏడాదిన్నర తరువాత, నెలాఖరు బిల్లింగు రాత్రి సిస్టమ్ కూలితే ఫోను మోగేది సపోర్టు టీములో కుర్రాడికి. టెస్టింగు ఎగ్గొట్టే నిర్ణయం ఎవరు, ఎందుకు తీసుకున్నారో అతనికి తెలియదు. కేటీ (పని వివరాల అప్పగింత) అయిందిగా అంటారు. రెండు వారాల కాల్స్, కొన్ని రికార్డింగులు, ఓ ఎక్సెల్ షీటు, అదీ కేటీ! క్లయింటు ఏ మినహాయింపు ఎందుకు అడిగాడో, ఏ మాడ్యూలును ముట్టుకోకూడదో ఆ షీటులో ఉండదు. అది అక్కడే ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల బుర్రలో ఉంటుంది.

ఈ జబ్బు మన ఐటీలో పుట్టింది కాదు. అమెరికన్ కార్పొరేషన్ల మేనేజర్లను దగ్గరగా చూసిన సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ జాకల్ 1988లో ‘మోరల్ మేజెస్’ అనే పుస్తకం వెలువరించారు. ఫ్యాక్టరీలో మరమ్మతులు ఆపి, లాభం చూపించి, యంత్రాలు మొరాయించేలోగా ప్రమోషన్ మీద వెళ్లిపోయే తీరు అందులో ఉంది. నింద తరువాత వచ్చినవాడి నెత్తిన పడుతుంది.

అమెరికా నౌకాదళంలోనూ అధికారులను తరచూ మార్చడం ఆనవాయితీ. అణు జలాంతర్గాముల కార్యక్రమాన్ని నడిపిన అడ్మిరల్ హైమన్ రికోవర్ మాత్రం మూడు దశాబ్దాలకు పైగా, 1982 వరకు, అదే పనిలో ఉన్నారు. ఆ ఏడాదే అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ పదవికి ఎనిమిదేళ్ల కాలం ఖాయం చేశారు. రియాక్టరుకు అవసరమైన ఆ నిలకడ, జనం డబ్బు లెక్కలు చూసే బ్యాంకు సిస్టమ్‌కు అక్కర్లేదా?

మారనివ్వకపోతే మంచివాళ్లు బయటికి పోతారన్నది హెచ్‌ఆర్ వాదన. పోతారు, నిజమే. ఉన్నచోటే లోతుగా నేర్చుకున్నవాళ్లకు జీతం, హోదా పెంచకపోతే ఎందుకు ఉంటారు? వేధించే బాసు కింద నలిగేవాళ్లు, మెయింటెనెన్సులో మగ్గే ఫ్రెషర్లు టీము మారాల్సిందే. కానీ టీము నుంచి రిలీజ్ దొరకనిది వాళ్లకే! క్లయింటు దగ్గర బిల్లింగు పోతుందని ఆపేస్తారు. ఆపాల్సిన మేనేజర్‌కు మాత్రం అడ్డు లేదు.

మేనేజర్ ప్రమోషన్‌ను గో-లైవ్ చూసి ఇవ్వకండి. రెండేళ్లు ఆగి, అదే సిస్టమ్ మీద ఎన్ని ఫిర్యాదు టికెట్లు పడ్డాయో చూసి ఇవ్వండి. అతను ఏ అకౌంటులో ఉన్నా ఆ లెక్క అతని అప్రైజల్‌కు చేరాలి. టికెట్ల రికార్డు ఉంది, ఎవరి హయాంలో ఏది గో-లైవ్ అయిందో కూడా రాసే ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.